వాక్యం ఎవరు చదవాలి?



పందొమ్మిదో శతాబ్దం మొదటి ఏళ్లు. అమెరికా దక్షిణాన, సౌత్ కరోలినా రాష్ట్రంలో చార్లెస్టన్ అనే రేవు పట్నం. అక్కడ ఒక న్యాయమూర్తి ఇల్లు. రాత్రి అందరూ పడుకున్నాక ఒక గదిలో ఇద్దరు ఆడపిల్లలు దీపం ఆర్పేశారు. తలుపుకున్న తాళం కన్నానికి అడ్డం పెట్టారు. చలిమంట ముందు బోర్లా పడుకుని, ఆ వెలుగులో అక్షరాలు కూడబలుక్కుంటున్నారు. చదువు చెప్పే పిల్ల ఆ ఇంటి కూతురు, పేరు సారా గ్రిమ్కే. నేర్చుకునే పిల్ల ఆ ఇంటి బానిస. రోజూ రాత్రి సారా జుట్టు దువ్వి జడ వెయ్యడం ఆమెకు అప్పగించిన పని. ఆ పని జరుగుతోందని పెద్దవాళ్లు అనుకుంటున్నారు.

కొన్నాళ్లకు సంగతి బయటపడింది. బానిసలకు రాత నేర్పడాన్ని ఆ ప్రాంతంలో 1740 నాటి చట్టమే నిషేధించింది. తండ్రి కూతుర్ని పిలిచి గట్టిగా మందలించాడు. రాత్రి బడి మూతపడింది.

ఆ ఇంట్లో దేవుడికి లోటు లేదు. ప్రార్థనలు జరిగేవి, ఆదివారం గుడికి వెళ్లేవాళ్లు. బానిసల పిల్లలకు సారా ఆదివారం బైబిలు కథలు చెప్పేది. కథ నోటితో చెప్పవచ్చు, పుస్తకం మాత్రం చేతికివ్వకూడదు. అంత పవిత్రమైన గ్రంథమైతే వీళ్లను ఎందుకు చదవనివ్వరు అన్నది ఆ పిల్లకు అంతుపట్టలేదు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ ప్రశ్న గురించే. అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చెయ్యాలని పోరాడిన స్త్రీల గురించి చాలామంది చెబుతారు. వాళ్లకు ఎదురైన పెద్ద అడ్డంకి తుపాకీ కాదు, డబ్బు కాదు, బైబిలు వాక్యం అన్న సంగతి తక్కువమంది చెబుతారు. ఆ వాక్యాన్ని వాళ్లు వదిలిపెట్టి పారిపోలేదు. మేము కూడా చదువుతాం, మీ చదువులో తప్పుంది అన్నారు. దానితో ఉద్యమమే రెండుగా చీలింది.

సారా 1792లో పుట్టింది. అన్న థామస్ పుస్తకాలు చూసి లాటిన్ నేర్చుకుంటానంది. ఆడపిల్లకు లాటిన్ ఎందుకని ఇంట్లో ఒప్పుకోలేదు. ఈ చిన్న విషయం గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను. పద్నాలుగు మంది పిల్లల్లో ఆఖరిది ఆంజెలీనా, 1805లో పుట్టింది. పన్నెండేళ్ల సారా పట్టుబట్టి ఆ పసిదానికి జ్ఞానస్నాన తల్లి అయింది. చెల్లెలు చాలాకాలం అక్కను అమ్మా అనే పిలిచేది.

1819లో తండ్రికి జబ్బు చేస్తే సారా ఆయన్ని వైద్యానికి ఫిలడెల్ఫియా తీసుకెళ్లింది. ఆ ప్రయాణంలో ఆయన పోయాడు, ఆమెకు క్వేకర్లు పరిచయమయ్యారు. క్వేకర్లంటే ఆర్భాటం లేని క్రైస్తవ శాఖ. వాళ్ల ఆరాధనలో పాదిరి ఉండడు. అందరూ మౌనంగా కూర్చుంటారు. ఎవరికి ఆత్మ ప్రేరణ కలిగితే వాళ్లు లేచి మాట్లాడతారు, ఆడవాళ్లయినా సరే. 1776లోనే ఫిలడెల్ఫియా క్వేకర్లు, బానిసలున్నవాడు మాలో ఉండకూడదని తీర్మానించారు. ఇంతకంటే ఏం కావాలి! సారా 1821లో ఇల్లు వదిలి ఫిలడెల్ఫియా చేరింది.

చెల్లెలి దారి ఇంకో రకం. ఆంజెలీనా చార్లెస్టన్‌లోనే ప్రెస్బిటేరియన్ సంఘంలో చేరి, ఆ సంఘం పెద్దల్నే నిలదీసింది. మీరంతా బానిసల యజమానులు, ఇది పాపమని సంఘంగా చెప్పండి అంది. విడివిడిగా అడిగితే నిజమేనమ్మా, ఓపిక పట్టు, ప్రార్థన చెయ్యి అన్నారు. అందరూ కూర్చుని తీర్మానం చెయ్యమంటే మాత్రం ఎవరూ కదల్లేదు. 1829లో ఆమెనే సంఘం నుంచి తప్పించారు. ఆమె కూడా అక్క దగ్గరికి వెళ్లిపోయింది.

అయితే ఫిలడెల్ఫియాలో ఇంకొకటి చూశారు వాళ్లు. ఆర్చ్ వీధిలో క్వేకర్ల ఆరాధన మందిరం ఉంది. అందులో నల్లవాళ్లకు విడిగా ఒక బల్ల. వేరే ఎవరూ పొరపాటున అందులో కూర్చోకుండా కాపలా. ఆ బల్లమీద కూర్చునే నల్లజాతి ఉపాధ్యాయురాలు సారా మ్యాప్స్ డగ్లస్. చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చున్నప్పుడు, ఇది నల్లవాళ్ల బల్ల, ఇక్కడ కూర్చోకండి అని తెల్లవాళ్లకు మళ్లీ మళ్లీ చెప్పడం వినేదాన్నని, మనసు దేవుడి మీద నిలిచేది కాదని తర్వాత ఆమె ఒక ఉత్తరంలో రాసింది. గ్రిమ్కే అక్కచెల్లెళ్లు వెళ్లి ఆ బల్లమీదే కూర్చున్నారు. పెద్దలకు అది నచ్చలేదు. బానిసత్వం పాపమని ఒప్పుకున్న సంఘం కూడా పక్కన కూర్చోబెట్టుకోవడానికి సిద్ధపడలేదంటే, మన దేశంలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ మాట వేరే విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ కథ గ్రిమ్కేలతో మొదలైనట్టు పుస్తకాలు రాస్తాయి. అది న్యాయం కాదు. వాళ్లకంటే ముందు బోస్టన్‌లో మరియా స్టీవర్ట్ అనే నల్లజాతి స్త్రీ సభల్లో నిలబడి మాట్లాడింది. అయిదేళ్లకే తల్లీతండ్రీ పోయి, ఒక పాదిరి ఇంట్లో పనిపిల్లగా పెరిగిన మనిషి. బడి లేదు, ఆదివారపు పాఠాలే చదువు. 1832లో ఫ్రాంక్లిన్ హాలులో ఆడా మగా కలిసిన సభలో ఆమె బానిసత్వం గురించి, స్వేచ్ఛ ఉన్నా ఇళ్లల్లో పాచిపని తప్ప గతిలేని నల్లజాతి ఆడపిల్లల గురించి మాట్లాడింది. ఆడదానికి బోధించే అధికారం ఎక్కడిదని సొంతవాళ్లే అడిగారు. 1833లో బోస్టన్ విడిచి వెళ్తూ చేసిన చివరి ప్రసంగంలో ఆమె బైబిల్లోనే జవాబు చూపించింది. ఇశ్రాయేలుకు న్యాయం తీర్చిన దెబోరా స్త్రీ కాదా? తన జనాన్ని కాపాడిన ఎస్తేరు స్త్రీ కాదా? క్రీస్తు లేచిన సంగతి మొదట చెప్పింది మగ్దలేనే మరియ కాదా? ఆ తర్వాత ఆమె బడిపంతులమ్మగా బతికింది. గ్రిమ్కేలు ఎక్కిన వేదికకు మెట్లు కట్టింది ఈమె.

1833 డిసెంబరులోనే ఫిలడెల్ఫియాలో స్త్రీల బానిసత్వ వ్యతిరేక సంఘం పుట్టింది. లుక్రీషియా మాట్ అనే క్వేకరు బోధకురాలు, సారా డగ్లస్ తల్లి గ్రేస్, ఫోర్టెన్ కుటుంబం ఆడవాళ్లు కలిసి పెట్టారు. తెల్లా నల్లా ఒకే సంఘం. మొదటి రోజు సభ నడిపిన అనుభవం వాళ్లలో ఎవరికీ లేదు. జేమ్స్ మెక్‌క్రమెల్ అనే నల్లజాతి దంతవైద్యుణ్ని పిలిచి అధ్యక్షుడిగా కూర్చోబెట్టుకున్నారు. అంత బెరుకుగా మొదలుపెట్టిన సంఘం దాదాపు నలభై ఏళ్లు నడిచింది.

1836లో ఆంజెలీనా దక్షిణాది క్రైస్తవ స్త్రీలను ఉద్దేశించి ఒక విజ్ఞప్తి అచ్చువేసింది. బానిసల యజమానులు అప్పట్లో వాక్యాన్నే కవచంగా తొడుక్కునేవారు. నోవహు కొడుకు హాము కథ చెప్పేవారు. దాసులారా యజమానులకు లోబడండి అన్న పౌలు మాట చెప్పేవారు. పారిపోయిన ఒనేసిమును పౌలు ఫిలేమోను దగ్గరికి తిప్పి పంపలేదా అని అడిగేవారు. ఆంజెలీనా ఒక్కొక్కటీ తీసి పరిశీలించింది. మోషే ధర్మశాస్త్రంలో దాసుడికి ఉన్న రక్షణలు చార్లెస్టన్ చట్టంలో ఒక్కటైనా ఉన్నాయా అని అడిగింది. చదవండి, ప్రార్థించండి, మాట్లాడండి, చెయ్యండి అని స్త్రీలకు నాలుగు పనులు చెప్పింది. చట్టం పాపం చెయ్యమంటే చట్టాన్ని కాదని శిక్ష భరించమంది. చార్లెస్టన్‌లో ఆ పుస్తకాలను తగలబెట్టారు. నీ కూతురు ఈ రేవులో దిగడానికి వీల్లేదని ఆమె తల్లికి కబురు వెళ్లింది.

అదే సంవత్సరం ఫిలడెల్ఫియాలో సారా క్వేకర్ల ఆరాధనలో లేచి మాట్లాడుతుంటే సంఘం పెద్ద మధ్యలోనే ఆపి కూర్చోబెట్టాడు. ఆడవాళ్లు మాట్లాడవచ్చని చెప్పిన చోటే ఆ పని జరిగింది. ఆ దెబ్బతో ఆమెకు వాళ్లమీద మిగిలిన ఆశ కూడా పోయింది. అక్కచెల్లెళ్లు ఉద్యమం ప్రతినిధులుగా బయల్దేరారు.

1837 ఎండాకాలం నుంచి మసాచుసెట్స్ రాష్ట్రంలో అరవైకి పైగా ఊళ్లు తిరిగారు. మొదట ఆడవాళ్ల సభలే పెట్టారు. ఒకళ్లిద్దరు మగవాళ్లు వెనక తలుపు దగ్గర నిలబడి వినేవారు, తర్వాత వచ్చి కూర్చునేవారు. లిన్ అనే ఊరికి వచ్చేసరికి సభ ఆడా మగా కలిసిన సభ అయిపోయింది. బానిసల యజమాని కూతుళ్లే తమ ఇంట్లో కొరడా ఎలా మోగిందో చెబుతుంటే వినకుండా ఎవరుంటారు?

అప్పుడు జులైలో, ఆ రాష్ట్రంలోని కాంగ్రిగేషనల్ సంఘాల కాపరులందరి పేరా ఒక లేఖ వెలువడింది. నెహీమియా ఆడమ్స్ అనే పాదిరి రాశాడు. ప్రసంగ వేదికల మీద చదివారు. అక్కచెల్లెళ్ల పేర్లు లేవు, అవసరమూ లేదు. అందులో ఒక పోలిక ఉంది: స్త్రీ ద్రాక్షతీగ లాంటిది, పందిరిని అల్లుకుని ఉంటేనే అందం, ఫలం. తానే చెట్టులా నిలబడాలనుకుంటే కాయదు, మట్టిలో పడి అవమానం పాలవుతుంది. ఇది ఏ మతంలోనైనా, ఏ భాషలోనైనా ఆడవాళ్లు విన్న మాటే. నాకు కొత్తగా అనిపించింది మాట కాదు, జవాబు.

సారా జవాబు రాసింది. బోస్టన్ స్త్రీల సంఘం అధ్యక్షురాలు మేరీ పార్కర్‌కు ఉత్తరాల రూపంలో రాసిన ఆ వ్యాసాలు 1838లో పుస్తకంగా వచ్చాయి. ఆదికాండం దగ్గర మొదలుపెట్టింది. దేవుడు తన స్వరూపంలో ఇద్దర్నీ చేశాడు, ఇద్దరికీ కలిపి భూమిమీద అధికారం ఇచ్చాడు, ఒకరిమీద ఒకరికి ఇవ్వలేదు అంది. తర్వాత అసలు ముడి దగ్గరికి వచ్చింది. పాపం చేశాక హవ్వతో దేవుడు నీ భర్త నిన్ను ఏలును అంటాడు కదా. అది ఆజ్ఞ కాదు, జరగబోయేదాని గురించి చెప్పిన మాట అని ఆమె వాదన. హీబ్రూలో భవిష్యత్తు చెప్పే క్రియారూపాన్నే ఆజ్ఞగానూ చదవవచ్చు. అనువాదం చేసినవాళ్లు భార్యలమీద పెత్తనానికి అలవాటుపడ్డ మగవాళ్లు. కాబట్టి జోస్యాన్ని ఆజ్ఞగా దిద్దారు. ఒక క్రియాపదం మీద ఇంత వాదన నిలబడింది. తెలుగు చదివేవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. మన తెలుగు బైబిల్లో కూడా ఆ చోట ఏలును అనే ఉంటుంది. ఏలుతాడు అని చదువుతామా, ఏలాలి అని చదువుతామా?

ఆడవాళ్లకు గ్రీకూ హీబ్రూ నేర్చుకునే అవకాశం దొరికిన రోజున, ఇప్పుడున్న బైబిలుకు కాస్త వేరైన పాఠాలు బయటికి వస్తాయని కూడా రాసింది. లాటిన్ నేర్పనన్న ఇంటి కూతురు రాసిన మాట అది.

పౌలు మాటను కూడా ఆమె దాటవేయలేదు. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని కొరింథీయులకు రాసిన పౌలే, అదే పత్రికలో స్త్రీ ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు ముసుగు వేసుకోవాలన్నాడు. నోరు మెదపనిదానికి ముసుగు సంగతి ఎందుకు? ఫీబేను సంఘ పరిచారకురాలని పిలిచింది ఎవరు? ప్రిస్కిల్లను తన జతపనివారని చెప్పింది ఎవరు? ఈ వాదనలు నేడు మామూలుగా వినిపిస్తాయి. 1838లో వేదాంత పాఠశాల గుమ్మం తొక్కనివ్వని ఒక స్త్రీ ఒంటరిగా కూర్చుని వీటిని కూడగట్టింది.

దెబ్బ సొంతవాళ్ల నుంచి కూడా తగిలింది. థియొడోర్ వెల్డ్, కవి విట్టియర్ ఉద్యమంలో ముఖ్యులు, ఇద్దరూ మంచివాళ్లే. ముందు బానిసల సంగతి తేలనివ్వండి, ఆడవాళ్ల హక్కులు తర్వాత చూద్దాం అని ఉత్తరాలు రాశారు. మాట్లాడే హక్కు ఈ ఏడు వదులుకుంటే వచ్చే ఏడు అర్జీ పెట్టుకునే హక్కు వదులుకోవాలి, ఆపై ఏడు రాసే హక్కు; నోరు కట్టేసుకున్న ఆడది బానిస కోసం ఏం చెయ్యగలదు అని వాళ్ల జవాబు. ఈ వాదనలో నేను పూర్తిగా అక్కచెల్లెళ్ల పక్షం. తర్వాత చూద్దాం అన్న పనులు ఏ ఉద్యమంలోనైనా ఎప్పుడు చూశారు?

1838 ఫిబ్రవరి 21న ఆంజెలీనా మసాచుసెట్స్ శాసనసభ కమిటీ ముందు నిలబడి మాట్లాడింది. అమెరికాలో శాసనసభ ముందు మాట్లాడిన మొదటి స్త్రీ ఆమే. మే 14న ఆ వెల్డ్‌నే పెళ్లి చేసుకుంది. పెళ్లిలో ఒక నల్లజాతి పాదిరి, ఒక తెల్లజాతి పాదిరి ప్రార్థన చేశారు. రెండు రోజులకు ఫిలడెల్ఫియాలో కొత్తగా కట్టిన పెన్సిల్వేనియా హాలులో ఆమె మాట్లాడుతుంటే బయట అల్లరి మూక కిటికీల మీద రాళ్లు రువ్వింది. అద్దాలు పగులుతున్నా గంటకు పైగా మాట్లాడింది. నల్లజాతి స్త్రీలను సభకు రావద్దనండి అని మర్నాడు నగరాధికారి నుంచి సలహా వచ్చింది. వాళ్లు ఒప్పుకోలేదు. తెల్ల స్త్రీలు నల్ల స్త్రీల చేతుల్లో చెయ్యి వేసుకుని ఆ గుంపు మధ్య నుంచే బయటికి నడిచారు. ఆ రాత్రి హాలు తగలబెట్టారు. అది తెరిచిన నాలుగో రోజు.

ఆ తర్వాత క్వేకర్ల నుంచి కబురు వచ్చింది. క్వేకరు కానివాణ్ని చేసుకున్నందుకు ఆంజెలీనాను వెలివేశారు. ఆ పెళ్లికి హాజరైనందుకు సారాను వెలివేశారు.

1840 మేలో న్యూయార్కులో అమెరికన్ బానిసత్వ వ్యతిరేక సంఘం మహాసభ జరిగింది. యాబీ కెల్లీ అనే యువతిని ఆ సభ పనులు చూసే కమిటీలో వేశారు. ఓట్లు లెక్కపెడితే వందకు పైగా ఆధిక్యంతో నెగ్గింది. లూయీ టాపన్, ఆయన వెంట పాదిరులు చాలామంది లేచి బయటికి వెళ్లి వేరే సంఘం పెట్టుకున్నారు. ఆడదాన్ని మగవాళ్లతో సమానంగా కూర్చోబెట్టడం వాక్య విరుద్ధం అన్నది వాళ్ల పట్టు. దీని వెనక ఇంకో తగవు కూడా ఉంది. పత్రికాధిపతి గారిసన్ పాదిరుల మీద, చర్చిల మీద, చివరికి ఆదివారం పాటించడం మీద కూడా కటువుగా రాసేవాడు. దైవభక్తి గల టాపన్‌కు అది మింగుడుపడలేదు. టాపన్‌ను నేను దుర్మార్గుడనలేను. బానిసల కోసం ఇల్లు కొల్లగొట్టించుకున్న మనిషి ఆయన. అయినా ఒక స్త్రీ కమిటీలో కూర్చోవడం ఆయనకు భరించరానిదయింది. యాబీ కెల్లీ ఆ తర్వాత ఊళ్లు తిరుగుతుంటే ఒక పాదిరి ప్రసంగ వేదిక మీద నుంచే ఆమెను యెజెబెలుతో పోల్చాడు. బైబిలు తెలిసినవాళ్లకు అంతకంటే పెద్ద తిట్టు లేదు.

నెల తిరిగేసరికి, జూన్ 12న లండన్‌లో ప్రపంచ మహాసభ మొదలైంది. అమెరికా నుంచి ప్రతినిధులుగా వచ్చిన స్త్రీలను లోపలికి రానివ్వాలా వద్దా అన్న చర్చతోనే మొదటి రోజు గడిచిపోయింది. చివరికి వాళ్లను తెర వెనక కూర్చోబెట్టారు. లుక్రీషియా మాట్‌కు రెండు అడ్డంకులు. ఆమె స్త్రీ. పైగా క్వేకర్లలో 1827 నాటి చీలికలో హిక్స్ పక్షం. గ్రంథం కంటే మనసులోని వెలుగు మిన్న అనే పక్షమది. లండన్ క్వేకర్లు సనాతన పక్షం, ఆమె మావాళ్లలో లెక్క కాదన్నారు.

ఆ సభలో విలియం ఆడమ్ అనే ఆయన లేచి, ఈ స్త్రీలకు ఇక్కడ హక్కు లేకపోతే నాకూ లేదు, నన్నూ అదే సంఘం పంపింది అన్నాడు. ఈ ఆడమ్‌కు మన దేశంతో సంబంధం ఉంది. కలకత్తాలో రామమోహన్ రాయ్‌తో కలిసి యోహాను సువార్తను బెంగాలీలోకి అనువదిస్తుండగా, గ్రీకులోని ఒక చిన్న విభక్తి మాట దగ్గర పేచీ వచ్చి, సొంత మిషన్ సిద్ధాంతాన్నే వదులుకున్న పాదిరి. మాట అర్థం ఎంత బరువైందో తెలిసిన మనిషి తెర వెనక స్త్రీల పక్షాన నిలబడ్డాడు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. ఓడ ఆలస్యమై తర్వాత వచ్చిన గారిసన్ సభలోకి వెళ్లకుండా ఆ స్త్రీల దగ్గరే కూర్చున్నాడు. కొత్తగా పెళ్లయి భర్త వెంట వచ్చిన ఎలిజబెత్ కేడీ స్టాంటన్ అక్కడే మాట్‌ను కలిసింది. ఎనిమిదేళ్లకు ఆ ఇద్దరూ సెనెకా ఫాల్స్‌లో స్త్రీల హక్కుల సభ పెట్టారు.

గ్రిమ్కేల ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయాక, 1868లో ఆంజెలీనా పత్రికలో గ్రిమ్కే అనే ఇంటిపేరు చూసింది, ఒక నల్లజాతి విద్యార్థిది. ఉత్తరం రాసి కనుక్కుంటే తమ అన్న హెన్రీకి, అతని బానిస నాన్సీ వెస్టన్‌కు పుట్టిన కొడుకు. ముగ్గురు అన్నదమ్ములు. ఆ పిల్లల సవతి అన్నే వాళ్లను బానిసలుగా ఉంచుకున్నాడు. మేనత్తలిద్దరూ వాళ్లను మావాళ్లే అని ఒప్పుకుని, చదువుకు డబ్బు సాయం చేశారు. వారిలో ఫ్రాన్సిస్ వాషింగ్టన్‌లో ప్రెస్బిటేరియన్ పాదిరి అయ్యాడు. ఆంజెలీనాను తోసేసిన శాఖ అదే.

సారా 1873 డిసెంబరులో పోయింది. మూడేళ్లకు, 1876లో, కనెక్టికట్ రాష్ట్రంలో జూలియా స్మిత్ అనే ముసలామె సొంత డబ్బుతో బైబిలు అచ్చువేయించింది. ఆమె కూడా 1792లోనే పుట్టింది, ఆమె కుటుంబమూ బానిసత్వానికి వ్యతిరేకంగా పనిచేసిందే. ఇంట్లో కూర్చుని హీబ్రూ నేర్చుకుని మొత్తం బైబిలును తానే అనువదించింది. హవ్వ పేరుకు బదులు ఆ హీబ్రూ మాట అర్థం, జీవం, అని పెట్టింది.

మన దేశంలో ఆ పని చేసింది పండిత రమాబాయి. కరువు రోజుల్లో తల్లిదండ్రులతో తిరుపతి కొండల దగ్గర ఆకులు తిని బతికిన పిల్ల. పెద్దయ్యాక అమెరికా వెళ్లి, బానిసల్ని రాత్రిపూట దాటించిన హారియెట్ టబ్‌మన్‌ను కలిసి వచ్చింది. గ్రీకు, హీబ్రూ నేర్చుకుని బైబిలును మరాఠీలోకి ఒంటిచేత్తో తెచ్చింది. 1922లో ఆమె పోయాక 1924లో పుస్తకం వచ్చింది. పుణె దగ్గర కేడ్గావ్‌లో, దిక్కులేక ఆమె పంచన చేరిన ఆడవాళ్లు, ఒకప్పుడు అక్షరం రానివాళ్లు, ఆ అచ్చు యంత్రం దగ్గర నిలబడి ఒక్కొక్క అక్షరాన్నీ చేత్తో ఏరి పేర్చారు.